లింగరాజు వేసిన ఎర్తు

లింగరాజు కార్లకు కరెంటు పని చేస్తాడు. దుకాణం బోర్డు మీద బర్మా లిపిలో ఊ లిన్ అని ఉంటుంది. తామ్వే పేటలో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. తెలుగువాళ్లు మాత్రం లింగరాజు అంటారు. ముందు గది దుకాణం. వెనక గదిలో అతనూ భార్య తాయారూ ఉంటారు.

తాత కళింగపట్నంలో ఓడెక్కి బర్మా వచ్చి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి అదే రేవులో క్రేను నడిపాడు. లింగరాజు రేవుకు వెళ్లలేదు. పదమూడేళ్లప్పుడు రేడియోలు బాగుచేసే ఒక చైనా ముసలాయన పక్కన కూర్చున్నాడు. అక్కడ సోల్డరింగు నేర్చుకున్నాడు. ఓపిక కూడా అక్కడే నేర్చుకున్నాడు.

జపానులో వాడేసిన కార్లు ఓడల నిండా దిగడం మొదలయ్యాక అతనికి పని పెరిగింది. వాటిలో పెద్ద వాన్లకు పైకప్పులో టీవీ ఉంటుంది. కిందికి మడిస్తే వెనక సీట్లవాళ్లకు బొమ్మ కనబడుతుంది. కొన్నాళ్లకు బొమ్మ వణుకుతుంది, లేదా మాట వస్తుంది, బొమ్మ రాదు. తెర మీద వచ్చే జపాను అక్షరాలు ఎవరికీ అర్థం కావు. లింగరాజుకూ కావు. చెడింది తీగ అయినప్పుడు అక్షరాలు చదవాల్సిన పని లేదు.

మిగతా పనివాళ్లు ఫ్యూజు చూస్తారు. తర్వాత కరెంటు వస్తోందో లేదో చూస్తారు. రెండూ బాగుంటే టీవీ చచ్చిపోయిందని చెప్పి కొత్తది కొనిపిస్తారు. లింగరాజు కరెంటు తిరిగి పోయే దారి చూస్తాడు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు టీవీని వెలిగించి, కారు ఇనుప ఒళ్లు పట్టుకుని మళ్లీ బ్యాటరీకి చేరాలి. టీవీ నల్ల తీగను కారు ఒంటికి బిగించిన చోటును పనివాళ్లు ఎర్తు అంటారు. అక్కడ తుప్పు పడితే కరెంటు వచ్చి కూడా పనికిరాదు. వాన్లలో పోయే టీవీల్లో సగం ఆ తుప్పు వల్లే పోతాయి.

అతనికి ఒక పద్ధతి ఉంది. ఎందుకు చెడిందో చెప్పకుండా కారు పంపడు. బర్మావాళ్లకు బర్మాలో, తెలుగువాళ్లకు తెలుగులో చెబుతాడు. వినే ఓపిక లేనివాళ్లకూ చెబుతాడు.

ఎనభై ఎనిమిదిలో అతనికి ఇరవై ఒక్కేళ్లు. మూడు రోజులు సైన్యానికి ఎదురుగా జనం తీసిన ఊరేగింపులో నడిచాడు. నాలుగో రోజు తుపాకుల మోత విని పక్క సందులోకి పరిగెత్తాడు. ఆ తర్వాత ఎప్పుడూ నడవలేదు.

అందుకే రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో మళ్లీ సైన్యం దిగినప్పుడు అతను తలుపు సగం మూశాడు. రాత్రిళ్లు ఇంటర్నెట్ తీసేసేవారు. కొన్నాళ్లకు ఫోన్లలో పగలు కూడా పోయింది. రాత్రి ఎనిమిది కొట్టగానే సైన్యం మీద నిరసనగా వీధంతా గిన్నెలు మోగించేది. తాయారు మోగించేది. అతను లోపలి గదిలో కూర్చునేవాడు. మార్చి వచ్చేసరికి వీధి మొదట్లో ఇసుక బస్తాలు పేర్చి, పైన తాడు కట్టి ఆడవాళ్ల లుంగీలు ఆరేశారు. వాటి కింద నుంచి దాటితే మగవాడి బలం పోతుందని అక్కడి నమ్మకం, సైనికులు జంకుతారని. తాయారు కూడా తన లుంగీ ఒకటి ఇచ్చింది.

"నీదెందుకే అందులో?" అన్నాడు లింగరాజు.

"ఆళ్లని ఆపడానికి కట్టాం. ఆళ్లు ఆగారో లేదో గానీ నివ్వైతే ఆగిపోనావు. ఆరు వారాలైంది వీధి దాటి."

అతను నవ్వలేదు. ఆమె చెప్పింది నిజం. కూరలు ఆమే తెచ్చేది. ఊళ్లో ఏ వంతెన మూశారో, ఎక్కడ బళ్లు ఆపుతున్నారో, ఏం అడుగుతున్నారో అతను వినేవాడు కాడు. ఎవరైనా మొదలుపెడితే రేడియో గొంతు పెంచేవాడు.

మార్చి మూడో వారంలో, మధ్యాహ్నం రెండింటికి, సత్తిబాబు వాను తెచ్చాడు. సత్తిబాబు కాలవ అవతల తాకేటాలో ఉంటాడు. వాళ్ల అమ్మ తాత, లింగరాజు తాత ఒకే ఓడలో వచ్చారు. ఆ వరసన సత్తిబాబు తల్లి గంగాభవాని లింగరాజుకు అప్ప, అంటే అక్క. సత్తిబాబుకు లింగరాజు మావ. అద్దెకు వాను తిప్పి భార్య రాధనూ పాపనూ పోషిస్తున్నాడు.

"మావా, బేగి సూడు. బొమ్మ పోతంది."

"ఎప్పుడు పోతంది?"

"బ్రేకు తొక్కితే పోతంది. ఒగ్గేస్తే వస్తంది. మాటకేం కాదు, పాటకేం కాదు."

"ఊళ్లో కాల్పులవుతుంటే నీకు టీవీ కావాలేటిరా?"

సత్తిబాబు గొంతు తగ్గించాడు. "కావాల. తన్లిన్ వంతెన కాడ బళ్లాపుతున్నారు. టీవీలో బుద్ధుడి గుడి పొంజీ గారి ఉపదేశం పెడతాను. రాధా పాపా ఎనక కూకుంటారు. సైనికులు లోపలికి తొంగి సూస్తారు. పెద్ద పొంజీ మొకం కనబడ్డాక ఆళ్లకి బూటుకాలితో ఎక్కడానికి మనసొప్పదు. దణ్ణమెట్టి పొమ్మంటారు. మూడు సార్లు ఎల్లాను, మూడూ పగలే. మూడోసారి ఓ సైనికుడి ముందే బొమ్మ ఆరిపోనాది. అదృష్టం, ఆడు అప్పుడు పక్కకి తిరిగున్నాడు."

"ఏటి ఒట్టుకెల్తన్నావు?"

"నివ్వు టీవీ సూడు మావా."

లింగరాజు పక్క తలుపు జరిపాడు. జరపగానే లోపలి దీపం వెలిగింది. చెయ్యెత్తి దాని మీట ఆపేశాడు. తలుపు తెరిచి పనిచేసేటప్పుడు బ్యాటరీ దిగిపోకుండా ముందు ఆ దీపం ఆపుతాడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ చెయ్యి అతన్ని అడగదు.

ఫ్యూజు బాగుంది. కరెంటు పన్నెండు వోల్టులు వస్తోంది. మీటరు తీగల్లో ఒకటి టీవీ నల్ల తీగకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టాడు. రెంటి మధ్యా ఏమీ చూపించకూడదు. చూపించలేదు.

"తొక్కు," అన్నాడు.

సత్తిబాబు బ్రేకు తొక్కాడు. మీటరు మూడున్నర చూపించింది. బొమ్మ ఆరిపోయింది.

"ఎర్తు," అన్నాడు లింగరాజు. నల్ల తీగను వేలితో పట్టుకుని వెళ్లాడు. అది పైకప్పు గుడ్డ అంచున సాగి, ఎడమ మూల కిందికి దిగి, వెనక దీపం పక్కనున్న ప్లాస్టిక్ ప్యానెల్ లోపలికి పోయింది. ఎవడో టీవీ ఎర్తునీ బ్రేకు దీపం ఎర్తునీ ఒకే బోల్టుకు కట్టాడు. బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. ప్యానెల్ విప్పాలి, తుప్పు గీకాలి, కొత్త బోల్టు వెయ్యాలి. పావుగంట పని.

స్క్రూడ్రైవర్ ప్యానెల్ మీద పెట్టాడు. స్పిరిట్ వాసన వచ్చింది. ఆసుపత్రి వాసన. సైన్యం దిగాక ఉద్యోగాలు మానేసిన డాక్టర్లు తన్లిన్‌లో ఇళ్లలో వైద్యం చేస్తున్నారని, తూటాలు తగిలినవాళ్లను అక్కడికి చేరుస్తున్నారని తాయారు చెప్పబోతే ఒకసారి రేడియో గొంతు పెంచాడు.

సత్తిబాబు అతని చేతినే చూస్తున్నాడు. ఆపలేదు.

"విప్పితే విప్పు మావా. నివ్వు బయటోడివి కావు. కాకపోతే లోపలున్నది సూడాల్సొస్తాది."

లింగరాజు స్క్రూడ్రైవర్ తీశాడు.

"అక్కర్లేదు. ఇంకో దారుంది."

ప్యానెల్ విప్పకుండా ఇనుము అందే ఇంకో దారి లేదు. అతనికి తెలుసు. టీవీ పక్కనే, ఇందాక ఆపిన దీపానికి ఒక సన్నటి నల్ల తీగ ఉంది. చిన్న బల్బు కోసం వేసిన తీగ. కొస అప్పటికే నల్లబడి ఉంది. టీవీ తీగను కోసి, దానికి మెలిపెట్టి, టేపు చుట్టాడు. మిగిలిన పాత తీగ ముక్క పైకప్పు గుడ్డ అంచున వేలాడుతోంది. దాన్ని లోపలికి తొయ్యలేదు. రెండు గంటలు అటూ ఇటూ వెతికి, వదిలేసి, మళ్లీ వెతికి, చివరికి ఈ పని చేశాడు. విప్పడానికి భయపడకపోతే మూడింటికే పంపేవాడు.

"తొక్కు."

బొమ్మ నిలబడింది. ఇండికేటర్ వేయించాడు, హారన్ కొట్టించాడు, ముందు దీపాలు వేయించాడు. బొమ్మ కదల్లేదు. లోపలి దీపం వేసి చూడలేదు. ఆ సన్నటి తీగ రెంటినీ మొయ్యదని తెలుసు. టీవీ చూసేటప్పుడు లోపల దీపం ఎవరేస్తారని అనుకున్నాడు. ఆ మాట తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నట్టు గుర్తుంది కూడా.

"ఏటి మావా, బాగయ్యిందా?"

"యబాదే."

బర్మాలో ఆ మాటకు ఫరవాలేదు, పని జరుగుతుంది అని అర్థం. నిజంగా జరిగేటప్పుడూ అంటారు, కాదని చెప్పడానికి మొహమాటపడేటప్పుడూ అంటారు. సత్తిబాబు నవ్వాడు.

"నాకు బర్మాలో సెప్తన్నావేటి? నానేటి బర్మావోణ్ణా? ఎందుకు సెడిందో సెప్పవా? కారణం సెప్పందే ఒగ్గవు కదా నివ్వు!"

"బేగి ఎల్లరా. పొద్దుపోతంది."

నాలుగున్నరయింది. సత్తిబాబు వెళ్లాడు. లింగరాజు చేతులు కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లాడు.

రెండో రోజు ఉదయం సత్తిబాబు భార్య రాధ వచ్చింది. తాకేటా నుంచి నడిచి వచ్చింది. తాయారు మంచినీళ్లిస్తే తాగి, అప్పుడు చెప్పింది. సత్తిబాబుని పట్టుకున్నారు. వాను తీసుకున్నారు. ఆమెనూ పాపనూ పొమ్మన్నారు.

"ఎలాగ?" అన్నాడు లింగరాజు.

"ఇంటికొచ్చి మమ్మల్నెక్కించుకుని వంతెన కాడికెల్లేసరికి మసక సీకటయిపోనాది బాబాయ్. సీకటి పడితే రూలు ఏరే కదా."

"ఏం రూలు?"

రాధ అతని ముఖం చూసింది. "లోపల దీపమెయ్యాల. అద్దాలు దించాల. ఊరందరికీ తెలుసు."

లింగరాజు స్టూలు మీద కూర్చున్నాడు.

"దీపమేసారు. బొమ్మ పోనాది. పొంజీ గారి మాట మాత్రం వస్తంది. ఓ సైనికుడు, పాతికేళ్లుంటాయి, అప్పటికే దణ్ణం పెట్టుకుని నిలబడ్డాడు. 'అయ్యో, ఉపదేశం సగంలో బొమ్మ పోయిందే' అన్నాడు. 'నేను ఊళ్లో బళ్ల పని చేసేవాణ్ణి, చూస్తానుండండి' అన్నాడు. బూట్లు బయట ఇప్పి ఎక్కాడు బాబాయ్. ఈయన ఒద్దన్నారు. ఆడు ఇనలేదు, మంచికే సేస్తన్నాడు కదా. కోసేసిన తీగ ముక్క ఏలాడతంది. అది పట్టుకుని ఎనక్కెల్లాడు. మూలనున్న ప్యానెల్ ఇప్పాడు."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఇప్పి, లోపలున్న మందులు సూసి అలాగే ఉండిపోనాడు. మూసేద్దామనే సూసాడు. ఆడి సెయ్యి నాను సూసాను. ఈలోగా పెద్దాఫీసరు ఎనకొచ్చి నిలబడ్డాడు."

తాయారు రాధ పక్కన చతికిలబడింది. లింగరాజు నేల చూస్తూ చెప్పాడు. బోల్టు గురించి, సన్నటి తీగ గురించి, లోపలి దీపం వేసి చూడకపోవడం గురించి చెప్పాడు. విప్పకపోవడానికి కారణం భయమని కూడా చెప్పాడు. చెబుతుంటే గొంతు దుకాణంలో మాట్లాడే గొంతులా ఉంది. అది అతనికే వినబడింది.

రాధ గ్లాసు పక్కకు జరిపింది. "అత్తకి సెప్పకు," అంది. "ఎవుడో దలాను సైన్యానికి సెప్పేసుంటాడని అత్త అంటంది. ఇన్ఫార్మరు మీద కోపంతోనే ఆవిడ బువ్వ తింటంది, లేస్తంది, తిరుగుతంది. నివ్వని తెలిస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాల? నీ మీదా? నివ్వు ఆవిడ తమ్ముడివి."

"మరి నీ కోపం?"

"నాకు పనుంది బాబాయ్. ఏ జైల్లో ఎట్టారో కనుక్కోవాల," అని లేచింది.

అతను చెప్పలేదు. చెప్పొద్దని అన్నది రాధే కదా అనుకున్నాడు. ఆ మాటలో దాక్కోవడానికి చోటు బాగానే ఉంది. తొమ్మిది రోజులు దాక్కున్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో రెండు కార్లు వచ్చాయి. మీటరు పెట్టి చూసి, తన వల్ల కాదని పంపేశాడు.

పదో రోజున తాయారు బజారు నుంచి వచ్చి సంచీ దించకుండానే చెప్పింది.

"సన్యాసి కొట్టు పగలగొట్టారంట."

సన్యాసిది తాకేటాలో, గంగాభవాని ఉండే వీధి మలుపులో, టీ కొట్టు. అతనూ తెలుగువాడే.

"ఎందుకు?"

"ఆ సాయంత్రం సత్తిబాబు ఆడి కాడ టీ తాగాడంట. 'ఇంత పొద్దుపోయి ఎక్కడికిరా' అని ఆడు అడిగాడంట. అది మీ అప్ప ఇంది. దలాను ఆడే అని ఈదంతా సెప్పింది. ఎవులూ టీ తాగడం లేదు. నిన్న ఎవులో వచ్చి గ్లాసులు పగలేసిపోనారు. రేపు ఇంకేటి సేస్తారో." సంచీ దించింది. "నీకు అలాగే కూకోడానికి కుదురుతుందా?"

ఆ రోజుల్లో దలాను అన్న పేరు పడితే మనిషి బతకడం కష్టం. పేరు పడ్డాక అందులో నిజమెంతో ఎవరూ అడగరు.

మర్నాడు పొద్దున్న లింగరాజు చొక్కా వేసుకున్నాడు. లుంగీల తాడు కింద నుంచి వంగి దాటాడు. పజుండౌంగ్ కాలవ వంతెన మీద సైనికులు సంచీ చూపించమన్నారు. సంచీ లేదు. పొమ్మన్నారు. నడిచాడు.

గంగాభవాని గుమ్మంలో ఉల్లిపాయలు వలుస్తోంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. అతన్ని చూసి పీట జరిపింది.

"రా లింగా. ఇన్నాళ్లకి తెలిసిందేటి దారి? కూకో. ఆ సన్యాసిగాడి సంగతి ఇన్నావా? ఆడి నోట్లో మన్ను పడ."

"సన్యాసి కాదప్పా."

"నీకేటి తెలుసు? ఇంట్లో కూకున్నోడివి."

"నాకే తెలుసు. నానే."

ఆమె చేతిలో ఉల్లిపాయ ఆగింది. "నివ్వు దలానువా?"

"కాదు. నానేసిన ఎర్తు మంచిది కాదు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. కరెంటు వచ్చే దారి, పోయే దారి, దీపం, టీవీ. వేళ్లతో చూపించాడు. ఆమె వింది. మధ్యలో ఒక్కసారే అడిగింది.

"ఆ మూల ఇప్పుంటే సరిగ్గా అయ్యుండేదా?"

"అయ్యుండేది."

"ఎంతసేపు పని?"

"పావుగంట."

గంగాభవాని చేతులు చీర అంచుకు తుడుచుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. చెప్పులు వేసుకుంది.

"నడు."

మలుపులో సన్యాసి బెంచీలు బోర్లించి ఉన్నాయి. అతను పొయ్యి దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. ఎదురింటి అరుగు మీద నలుగురు బర్మావాళ్లు ఉన్నారు. గంగాభవానిని చూసి సన్యాసి లేచాడు. ఇంకా ఏం చేస్తుందోనని వెనక్కి తగ్గాడు.

"సెప్పు," అంది గంగాభవాని లింగరాజుతో. "తెలుగులో కాదు. ఈదికి తెలియాల."

లింగరాజు బర్మాలో చెప్పాడు. సత్తిబాబు సంగతి ఎవరూ సైన్యానికి చెప్పలేదన్నాడు. తన పని చెడ్డదన్నాడు. అరుగు మీద నుంచి ఒకడు, "ఎలా నమ్మాలి?" అన్నాడు. అతనికి మొదటి నుంచి చెప్పాడు. సన్నటి తీగ గురించి చెప్పేటప్పుడు ఆగాడు. తెలిసే వేశాను అన్నాడు. అరుగు మీద ఒకడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు అతన్ని చూస్తూ ఉండిపోయారు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?" అన్నాడు సన్యాసి.

"రెండో రోజు నుంచి."

"మా ఇంటిది పిల్లల్ని తీసుకుని పుట్టింటికెల్లిపోనాది. నిన్ననే. రెండో రోజునే నివ్వొచ్చుంటే ఎల్లేది కాదు."

గంగాభవాని ఒక బెంచీ తిప్పి వేసుకుని కూర్చుంది. "టీ పొయ్యి సన్యాసీ," అంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "నాను నిన్ను అన్నాను. ఈదందరికీ సెప్పాను. తప్పే."

సన్యాసి పాలు పొయ్యి మీద పెట్టాడు. మిగిలిన గ్లాసుల్లో అంచు విరగనిదాన్ని వెతికి, కడిగి, టీ పోసి ఆమె ముందు పెట్టాడు. ఆమె సగం తాగింది. లింగరాజు నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

నేల మీద గాజు ముక్కలు ఇంకా ఉన్నాయి. అతను వంగి ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు.

"ఒగ్గేయ్," అన్నాడు సన్యాసి. "అవి నాను ఏరుకుంటాను."

లింగరాజు చేతిలో ఉన్న ముక్కల్ని మళ్లీ నేల మీద పెట్టాడు.